కడబంతిలో మూడో రిసీవర్: ఈగల్స్‌కు జహాన్ డాట్సన్ సరిపోయాడా?

అందరికీ నమస్కారం. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదని మన సామెత. అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఫిలడెల్ఫియా ఈగల్స్ జట్టు మూడో వైడ్ రిసీవర్‌ది, అంటే పాస్‌లు పట్టేవాళ్లలో మూడోవాడిది, అచ్చంగా ఆ కడబంతి విస్తరే. వడ్డించేవాడు, అంటే బంతి విసిరేవాడు, క్వార్టర్‌బ్యాక్ జేలెన్ హర్ట్స్. ముందు వరుసలో రిసీవర్లు ఏజే బ్రౌన్, డెవాంటా స్మిత్ కూర్చునేవారు. పక్కనే అడ్డుపడుతూ పాస్‌లూ పట్టే టైట్ ఎండ్ డాలస్ గోడర్ట్. 2024లో బంతి తీసుకుని పరుగెత్తే సేక్వాన్ బార్క్‌లీ వచ్చాక సగం వంట ఆయన పరుగులకే సరిపోయింది. బూరెల గిన్నె చివరి విస్తరి దగ్గరికి వచ్చేసరికి గరిటె చప్పుడు తప్ప ఏమీ మిగలదు.

అలాంటప్పుడు ఆ విస్తరి ముందు ఎవరు కూర్చుంటే ఏమిటని మీరు అడగవచ్చు. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. ఆట దృశ్యాలు చూపించే హక్కు నాకు లేదు కాబట్టి ఈ బల్ల మీద చింతపిక్కలు పేర్చాను, చూడండి. వరుసగా ఉన్న ఈ అయిదూ లైన్‌మెన్, ముందు నిలబడి అడ్డుపడేవాళ్లు. వెనుక హర్ట్స్, ఆయన పక్కన బార్క్‌లీ. లైను అంచున గోడర్ట్. రెండు కొసలలో ఇద్దరు రిసీవర్లు. పదకొండో పిక్క మిగిలింది కదా, అదే మన మనిషి. ఇప్పుడు అవతలి జట్టుకు గవ్వలు పెడుతున్నాను. మూడో రిసీవర్ మైదానంలోకి రాగానే వాళ్లు ఇదిగో, ఈ పెద్ద గవ్వను, అంటే మధ్యలో కాచే ఒక బరువైన లైన్‌బ్యాకర్‌ను తీసేసి, చిన్న గవ్వను, అంటే రిసీవర్లను కాచే మరో కార్నర్‌బ్యాక్‌ను దించుతారు. మధ్యలో బరువు తగ్గింది. బార్క్‌లీకి దారి దొరికింది. బంతి ఒక్కసారి కూడా ముట్టకుండానే ఈ పిక్క తన పని చేసేసింది. అయితే ఆ మనిషి పట్టగలడన్న భయం అవతలివాళ్లకు ఉండాలి. అది లేకపోతే ఆ చిన్న గవ్వ అతన్ని వదిలేసి బార్క్‌లీ మీదికే వస్తుంది.

ఇక కథలోకి. 2022లో ఈ స్థానం క్వెజ్ వాట్కిన్స్‌ది. 2020 డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే చోట, ఆరో రౌండ్‌లో దొరికిన మెరుపు కాళ్లవాడు. 2021లో పట్టిన పాస్‌లతో 647 గజాలు సాధించాడు. బ్రౌన్ రాకతో మరుసటి ఏడాది 354కి పడిపోయాడు. అది అతని తప్పు కాదు, విస్తరి వెనక్కి జరిగింది, అంతే. కానీ వచ్చిన కొద్ది బంతులతో ఏం చేశాడన్నదే నా ఫిర్యాదు. ఎనిమిది ఆటలు వరుసగా గెలిచిన జట్టు నవంబరులో వాషింగ్టన్‌తో ఆడుతోంది. నాలుగో క్వార్టర్‌లో వాట్కిన్స్ పొడవాటి పాస్ పట్టి కింద పడ్డాడు. అతన్ని ఎవరూ తాకలేదు కాబట్టి లేచి పరుగెత్తాడు, అక్కడే బంతి జారవిడిచాడు. ఆ ఏడాది మొదటి ఓటమి అదే, 32-21.

అది మరచిపోవచ్చు. 2023 ఫిబ్రవరి 12న కాన్సాస్ సిటీ చీఫ్స్‌తో జరిగిన సూపర్ బౌల్‌ను, అంటే సీజన్ ఫైనల్‌ను మాత్రం మరచిపోలేను. మూడో క్వార్టర్‌లో హర్ట్స్ దూరంగా విసిరాడు. వాట్కిన్స్ రెండు చేతులూ చాచాడు. బంతి చేతులకు తగిలి జారిపోయింది. తేలికైనది కాదు, అయినా పట్టవలసిన బంతే. ఈగల్స్ ఓడింది 38-35తో, మూడే పాయింట్లు. ఓటమి మొత్తం అతని నెత్తిన వేయడం అన్యాయం, ఆ రోజు డిఫెన్స్ చేసిన నిర్వాకం వేరే వీడియోకు సరిపోతుంది. కానీ కడబంతికి బూరె వచ్చేదే ఒకసారి, ఆ ఒక్కటీ చేజారితే ఎలా?

2023లో ఒలమిడే జాకియస్‌ను తెచ్చారు. పది క్యాచ్‌లు. అక్టోబరులో జూలియో జోన్స్‌ను పిలిచారు. గొప్ప పేరే, వయసు మాత్రం మీద పడింది. ఈ సంగతి ఇక్కడితో వదిలేద్దాం.

2024 ఆగస్టులో జనరల్ మేనేజర్ హోవీ రోజ్‌మన్ చేసిన పని ఆసక్తికరం. తన డివిజన్‌లోనే, అంటే లీగులో తమ చిన్న గుంపులోనే ఉన్న వాషింగ్టన్ నుంచి జహాన్ డాట్సన్‌ను తెచ్చాడు. పక్కింటి ప్రత్యర్థితో ఇలాంటి బేరం అరుదు. డాట్సన్‌తో పాటు ఒక అయిదో రౌండ్ పిక్, అంటే డ్రాఫ్ట్‌లో ఎంచుకునే వంతు, వచ్చింది, మూడో రౌండ్ పిక్ ఒకటి, ఏడో రౌండ్‌వి రెండు పోయాయి. 2022 డ్రాఫ్ట్‌లో ఇతను 16వ ఎంపిక, తొలి ఏడాదే ఏడు టచ్‌డౌన్లు, అంటే ఏడుసార్లు బంతిని గోల్ లైను దాటించాడు. వాషింగ్టన్ కొత్త యాజమాన్యానికి ఎందుకో నచ్చలేదు.

వచ్చాక రెగ్యులర్ సీజన్‌లో అంకెలు చూస్తే నవ్వొస్తుంది: 17 ఆటలు, 19 క్యాచ్‌లు, 216 గజాలు, టచ్‌డౌన్లు సున్నా. అప్పుడే కొందరు సిన్సినాటి బెంగాల్స్‌కు ఆడిన టైలర్ బాయిడ్‌తో పోల్చారు. 2021లో జమార్ చేజ్, టీ హిగ్గిన్స్ తరువాత మూడోవాడిగా ఉండి కూడా బాయిడ్ 828 గజాలు సాధించాడు. నిజమే, కానీ ఆ ఇంట్లో వంటే వేరు, అక్కడ పాస్‌లే ప్రధానం. ఇక్కడ బార్క్‌లీ ఒక్కడే 2,005 గజాలు పరుగెత్తిన ఏడాది. ఆ పరుగుల కోసం డాట్సన్ తనకన్నా బరువైన వాళ్లకు కూడా అడ్డుపడుతూ వచ్చాడు. పైగా స్మిత్‌ను తరచుగా లోపలి స్లాట్‌లోకి, అంటే లైనుకు దగ్గరి చోటికి జరపగలిగారంటే, బయటి అంచున నిలబడడానికి ఇతను ఉన్నాడు కాబట్టే.

అసలు పరీక్ష ప్లేఆఫ్స్‌లో, అంటే నాకౌట్ ఆటల్లో. గ్రీన్ బే ప్యాకర్స్‌తో ఆటలో తొలి టచ్‌డౌన్ డాట్సన్‌దే, 11 గజాల పాస్. తరువాత 2025 ఫిబ్రవరి 9, మళ్లీ సూపర్ బౌల్, మళ్లీ చీఫ్స్. హైదరాబాదులో సోమవారం ఉదయం అయిదింటికి అలారం పెట్టుకుని లేచినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఇంకా ఎవరూ ఖాతా తెరవలేదు. హర్ట్స్ బంతి వేశాడు, డాట్సన్ పట్టాడు, 27 గజాలు, గోల్ లైనుకు గజం దూరంలో ఆగాడు. మరుక్షణం వెనుక నుంచి అందరూ తోస్తే హర్ట్స్ లోపలికి దూరాడు. చివరికి 40-22. టచ్‌డౌన్ పేరు హర్ట్స్ ఖాతాలో పడింది, నేను మాత్రం ఆ క్షణంలో వాట్కిన్స్ చేతులనే తలుచుకున్నాను.

అలాగని డాట్సన్‌ను ఆకాశానికి ఎత్తను. 2024 సెప్టెంబరు 29న టాంపాలో బ్రౌన్, స్మిత్ ఇద్దరూ గాయాలతో లేరు. ముందు విస్తరి అతని చేతికొచ్చిన రోజు అది. ఈగల్స్ 33-16తో ఓడింది, అతను ఆటను తన వైపు తిప్పుకోలేకపోయాడు. మూడో రౌండ్ పిక్ చిన్న ధరేమీ కాదు కూడా. ఈ బేరానికి నా మార్కులు పదికి ఏడు. తగ్గించిన మూడూ టాంపా ఆటకే.