ఏమీ తినలేదు, మరి షుగర్ ఎక్కడిది?

(వాకర్స్ క్లబ్ ఆదివారం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. "మాస్టారూ, యోగాతో, ధ్యానంతో షుగర్ తగ్గుతుందా తగ్గదా, ఒక్క మాటలో చెప్పండి" అని నన్ను పిలిచారు. ముప్పై ఏళ్లు జువాలజీ పాఠాలు చెప్పినవాడికి ఒక్క మాటలో చెప్పడం ఎక్కడొస్తుంది? పైగా పద్నాలుగేళ్లుగా నాకూ షుగర్ ఉంది. కాబట్టి ఈ విషయంలో నేను సగం మాస్టారిని, సగం పేషెంటుని.

ఇదిగో, ఇది నా షుగర్ డైరీ. వెనక అట్ట ఊడిపోయింది. ఇందులో మా అమ్మాయి పెళ్లినాటి పేజీ ఉంది. అంతకుముందు పరగడుపు షుగర్ 118, 121, 116. పెళ్లి వారంలో 149, 162, 171. అదే మాత్ర, అవే రెండు పుల్కాలు. స్వీటు ముట్టుకోలేదు, మా ఆవిడ కాపలా అలాంటిది. జరిగిందల్లా ఒకటే. ముహూర్తం ఆరు రోజులుందనగా ఫంక్షన్ హాలు వాళ్లు ఫోన్ చేసి, "సార్, మీ తేదీకే ఇంకొకరికి కూడా బుక్ అయిపోయింది" అన్నారు. ఇక రాత్రి రెండింటిదాకా కంటి మీద కునుకు లేదు. పొద్దున్నే వేలు పొడుచుకుని మిషన్ చూసి, "నేనేమీ తినలేదు కదే!" అని ఆవిడ మీద ఎగిరాను.

తినకపోయినా షుగర్ వస్తుంది. మన లివర్ ఒక గోదాము. తిన్నదాంట్లో కొంత చక్కెరను గ్లైకోజన్‌గా దాచుకుంటుంది, అవసరమైతే కొత్తగా కూడా తయారుచేస్తుంది. టెన్షన్ వస్తే అడ్రినలిన్, కార్టిసాల్ అనే హార్మోన్లు ఊరతాయి. అవి వెళ్లి గోదాము తలుపు తడతాయి. పరిగెత్తాల్సి వస్తుందేమో, కండరాలకు ఇంధనం పంపించమని. పాపం లివర్‌కేం తెలుసు, మనం పరిగెత్తడం లేదు, కుర్చీలో కూర్చుని ఫోన్ పట్టుకుని అరుస్తున్నామని! షుగర్ లేనివాళ్లకైతే ఇన్సులిన్ వెంటనే వచ్చి సర్దేస్తుంది. మనకది చాలదు, ఉన్నది సరిగ్గా పనిచేయదు. అందుకే మనకు ఆ అంకె మిగిలిపోతుంది. తెల్లవారుజామున కార్టిసాల్ ఎలాగూ అందరికీ పెరుగుతుంది. దాని మీద రాత్రంతా దిగులు కూడా తోడైతే 171.

"మనోవ్యాధికి మందు లేదు" అంటారు. మందు లేకపోవచ్చు గానీ కళ్లెం ఉంది. మన ఒంట్లో గుండె, లివర్, పేగులు మన మాట వినవు. ఊపిరి మాత్రం దానంతటది నడుస్తుంది, మనం చెప్తే వింటుంది కూడా. లోపలికి మనకున్న దారి అదొక్కటే. మామూలుగా నిమిషానికి 12 నుంచి 18 సార్లు ఊపిరి తీస్తాం. దాన్ని 6కి తెస్తే, ముఖ్యంగా వదిలే ఊపిరిని పొడుగు చేస్తే, వేగస్ అనే నాడి గుండెను నెమ్మదింపజేస్తుంది, ఆ ఎగసిన టెన్షన్ దిగుతుంది.

ఇది ఇవాళ కనిపెట్టింది కాదు. 1969లోనే బొంబాయిలో డాక్టర్ కె.కె. దాతే బృందం 47 మంది బీపీ పేషెంట్ల చేత శవాసనం వేయించింది. చాలామందికి బీపీ తగ్గింది, కొందరికి మాత్రల మోతాదూ తగ్గించగలిగారు. 2001లో ఇటలీలో ఇంకో తమాషా అధ్యయనం. కొందరి చేత లాటిన్‌లో క్రైస్తవుల జపమాల ప్రార్థన, బౌద్ధుల "ఓం మణి పద్మే హుం" చదివించారు. రెంటిలోనూ ఊపిరి దానంతటదే నిమిషానికి ఆరు దగ్గరికి వచ్చింది. కాబట్టి ఎవరి దేవుణ్ణి వాళ్లు తలుచుకోండి, లివర్‌కు మతం లేదు. కానీ కొందరు సహస్రనామం ఎక్స్‌ప్రెస్ రైల్లా ఒక్క గుక్కలో లాగించేస్తారు చూడండి, దానికి పుణ్యం వస్తుందేమో గానీ ఈ ఫలితం రాదు.

ఒకసారి చేద్దాం. పొట్ట మీద చెయ్యి వేసుకోండి. నాలుగు లెక్కపెడుతూ తీసుకోండి, పొట్ట చేతిని నెట్టాలి. ఆరు లెక్కపెడుతూ వదలండి. బిగబట్టొద్దు. పది సార్లు... ఆ వెనక వరసలో ఫోన్ మోగింది, పర్వాలేదు, వదలడం ఆపకండి.

ఇప్పుడు అసలు ప్రశ్న. షుగర్ ఎంత తగ్గుతుంది? మందులూ తిండీ సరిగ్గా ఉన్నవాళ్లకు ఇది కొంత తోడు, అంతే. మా పాత సహోద్యోగి ఒకాయన ఏదో శిబిరంలో మాటలు నమ్మి మాత్రలు మానేశాడు. మూడో నెల కాలి పుండుతో ఆసుపత్రిలో తేలాడు. టైప్ 1 వాళ్లయితే, అంటే ఒంట్లో ఇన్సులిన్ దాదాపు తయారే కానివాళ్లయితే, ఇన్సులిన్ మానడమంటే ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. మాత్ర తగ్గించాలో వద్దో మీ డాక్టరు చూస్తారు, మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ రక్తపరీక్ష చూసి చెప్తారు. అలాగే కంట్లో రక్తనాళాలు దెబ్బతిన్నవాళ్లు శీర్షాసనం జోలికి పోవద్దు. బీపీ ఎక్కువున్నవాళ్లు కపాలభాతి, అంటే పొట్ట లోపలికి లాగుతూ ఊపిరి జోరుగా వదిలే ప్రాణాయామం, గట్టిగా చేయొద్దు. ఆసనాల మధ్య చెమట, వణుకు వస్తే అది యోగశక్తి అనుకోకండి, షుగర్ పడిపోతోందేమో చూసుకోండి. 70 కంటే తగ్గితే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలుపుకుని తాగండి, పావుగంట తర్వాత మళ్లీ చూడండి.

నిద్ర గురించి ఒక్క మాట. 1999లో షికాగోలో ఆరోగ్యంగా ఉన్న 11 మంది కుర్రాళ్లను వరసగా ఆరు రాత్రులు నాలుగేసి గంటలే పడుకోనిచ్చారు. వారం తిరక్కుండానే వాళ్ల ఒంట్లో చక్కెర సర్దుకునే తీరు షుగర్ మొదలయ్యేవాళ్లలా మారిపోయింది. కుర్రాళ్లకే అలాగైతే, రాత్రి పదకొండుకి సీరియళ్లు, పన్నెండుకి వాట్సాప్ చూసే మన సంగతేమిటి?

2023లో వచ్చిన ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) అంచనా ప్రకారం దేశంలో షుగర్ ఉన్నవాళ్లు 10.1 కోట్లు, దాని అంచున ఉన్నవాళ్లు 13.6 కోట్లు. ఈ షామియానా కింద ఎంతమందో నేను అడగను, అడిగితే అందరూ పక్కవాళ్లనే చూపిస్తారు.

భోంచేశాక నూరడుగులు వేయమని పెద్దలు ఊరికే అనలేదు. నడిచే కండరం ఇన్సులిన్ కోసం ఎదురుచూడకుండానే రక్తంలోంచి చక్కెరను లాక్కుంటుంది. అవతల ఇడ్లీ, ఉప్మా సిద్ధంగా ఉన్నాయని సెక్రటరీ గారు సైగ చేస్తున్నారు. తినండి, నేనూ తింటాను. తిన్నాక మాత్రం ఎవరూ స్కూటర్ల దగ్గరికి పోవద్దు. ఈ పార్కు చుట్టూ నాతో పాటు రెండు రౌండ్లు, మెల్లగా, ముక్కుతో ఊపిరి పీలుస్తూ.