రిపోర్టులో లేని గడి

(ప్రపంచ పక్షవాత దినం సందర్భంగా విశ్రాంత ఉద్యోగుల సభలో ఒక రేడియాలజిస్టు చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. అధ్యక్షుల వారు నన్ను పరిచయం చేస్తూ, ముప్పై ఏళ్లలో ఒక్క తప్పు రిపోర్టు కూడా రాయని మనిషి అన్నారు. ఆ మాటకు కృతజ్ఞత చెప్పుకొని ఊరుకుంటే నేను ఇక్కడికి రావడమే దండగ, ఎందుకంటే నేను చెప్పవచ్చినది అటువంటి ఒక రిపోర్టు గురించే.

2004లో బీపీ చూసే డాక్టరు పంపగా ఒక లెక్కల మాస్టారు మెడ స్కానింగుకు నా దగ్గరికి వచ్చారు. దవడ కింద వేలు పెడితే కొట్టుకుంటూ తగిలే నాళమే కెరోటిడ్ ధమని. అది మెడ పైభాగాన రెండు పాయలై, ఒకటి మెదడుకూ కంటికీ, మరొకటి ముఖానికీ పోతుంది. ఆ చీలిక దగ్గర రక్తం సుడి తిరుగుతుంది కనుక కొవ్వు పూడిక, అంటే మేము ప్లాక్ అనేది, ఎక్కువగా అక్కడే పేరుకుంటుంది. మాస్టారి ఎడమ నాళం 45 శాతం సన్నబడింది. "70 దాటితేనే కదా ఆపరేషను? అయితే నేను పాసైనట్టే" అని ఆయన నవ్వారు, నేనూ నవ్వాను. మెడ మీది జెల్లు తుడుచుకుంటూ, పది రోజుల కిందట ఎడమ కంటికి తెర దించినట్లు చీకటి కమ్మి అయిదు నిమిషాల్లో విడిపోయిందని కూడా చెప్పారు. కళ్ల డాక్టరుకు చూపించుకోండి అన్నాను. "చెప్పుకోదగ్గ అడ్డంకి లేదు" అని రాసి సంతకం చేశాను. మూడో వారంలో ఆయనకు కుడి చెయ్యీ, మాటా రెండూ పడిపోయాయి.

ఆ 70 అనే అంకె ఊరికే పుట్టలేదు. 1991లో వెలువడిన ఉత్తర అమెరికా అధ్యయనంలో, అప్పటికే తాత్కాలికంగానో స్వల్పంగానో పక్షవాత లక్షణాలు కనిపించి, నాళం 70 నుంచి 99 శాతం పూడినవారిలో, మందులతోనే ఉన్నవారికి రెండేళ్లలో ఆ వైపు పక్షవాతం వచ్చే అవకాశం 26 శాతం కాగా, పూడిక తీయించుకున్నవారికి 9 శాతమే. ఎందరి ప్రాణాలనో కాపాడిన అంకె అది, దాన్ని నేను తప్పుపట్టను. అయితే ఆపరేషను ఎవరికి చేయాలో తేల్చడానికి పుట్టిన ఆ అంకెను మేము ప్రమాదమంతటికీ కొలబద్దగా చేసుకున్నాం. అదే నాళాన్ని అమెరికా పద్ధతిలో కొలిస్తే 50 శాతం, ఐరోపా పద్ధతిలో కొలిస్తే సుమారు 70 శాతం వస్తుంది. పైగా నాళం గోడ బయటికి ఉబ్బి పూడికకు చోటిస్తుంది కనుక, లోపలి దారి బాగానే ఉన్నట్లు కనిపిస్తూ గోడలో పెద్ద ప్లాక్ దాగి ఉండవచ్చు.

మాస్టారి స్కానులో నాకు ఒక నల్లని మచ్చ కనిపించింది. అల్ట్రాసౌండులో సున్నం పట్టిన గట్టి ప్లాక్ తెల్లగా మెరిసి, వెనుక నీడ వేస్తుంది. మెత్తని కొవ్వు, నెత్తురు నిండినది నల్లగా ఉంటుంది. చిట్లి, ముక్కలై మెదడుకు కొట్టుకుపోయే భయం ఈ రెండోదానితోనే ఎక్కువ. కంటికి కమ్మిన ఆ తెర బహుశా అటువంటి చిన్న తునక చేసిన పనే. చూశాను, రాయలేదు. ఫారంలో శాతానికి గడి ఉంది, రంగుకు లేదు.

ఈనాడు ఎమ్మారైలో కొవ్వు కాంతిని అణచి తీస్తే, ప్లాక్ లోపల స్రవించిన నెత్తురు తెల్లగా వెలుగుతుంది. పైపొర పలచబడిందో చిరిగిందో కూడా చూడవచ్చు. పలు అధ్యయనాలను కలిపి 2013లో ప్రచురించిన ఒక విశ్లేషణలో, అలా లోపల నెత్తురున్న వారికి పక్షవాతమో దాని ముందస్తు లక్షణాలో వచ్చే ప్రమాదం సుమారు నాలుగున్నర రెట్లుగా తేలింది.

ఇక్కడ కార్యదర్శి గారు నన్ను మన్నించాలి. వారు ఇందాక ప్రకటించిన ఉచిత మెడ స్కాను శిబిరం వద్దని నా మనవి. ఏ లక్షణమూ లేని పెద్దలందరికీ ఈ పరీక్ష చేయవద్దని అమెరికా నివారణ సేవల నిపుణుల బృందం 2014లోనూ, మళ్లీ 2021లోనూ చెప్పింది. 1995 నాటి అధ్యయనంలో, లక్షణాలు లేకుండా 60 శాతానికి పైగా పూడినవారికి మందులతో అయిదేళ్లలో పక్షవాత ప్రమాదం 11 శాతం, ఆపరేషనుతో 5 శాతం. ఆ ఆపరేషనులోనే నూటికి ఇద్దరికి పైగా పక్షవాతమో మరణమో సంభవించింది. మందులు అప్పటికంటే ఇప్పుడు మెరుగు. శిబిరానికి కేటాయించిన డబ్బుతో బీపీ, షుగరు చూడండి, పొగ మానిపించండి.

కానీ అయ్యా, అమ్మా, కన్ను కాసేపు చీకటి కమ్మినా, చెయ్యి తిమ్మిరెక్కి తేరుకున్నా, మాట తడబడి సర్దుకున్నా, తగ్గింది కదా అని ఇంట్లో కూర్చోకండి. ఆ తరువాతి కొద్ది రోజులే అత్యంత ప్రమాదకరం. అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. 45 శాతానికి మాస్టారికి ఆపరేషను అక్కరలేకపోవచ్చు, కానీ నెత్తురు గడ్డకట్టనివ్వని ఆస్పిరిన్, కొలెస్టరాల్ తగ్గించే స్టాటిన్ మాత్రలు ఆ సాయంత్రమే మొదలయ్యేవి. కాపాడేవో లేదో నేను చెప్పలేను, మొదలయ్యేవని మాత్రం చెప్పగలను.

ముందు వరుసలో ఊరి స్కానింగు కేంద్రాల యజమానులు ఉన్నారు. వారికోసం ఒక ఫారం తయారుచేసి తెచ్చాను. శాతం గడి కింద మరి మూడు గడులు ఉన్నాయి: ప్లాక్ తెలుపా నలుపా, పైభాగం నునుపా గరుకా, గడచిన నెలలో కన్నూ చెయ్యీ మాటా ఎప్పుడైనా తడబడ్డాయా. ప్రతులు కార్యదర్శి గారి బల్ల మీద ఉన్నాయి. మూడో గడిని స్కాను చేసే డాక్టరే స్వయంగా అడిగి నింపాలి.