చెరువు లెక్క రోజూ ఏఐని అడగొద్దు, ఒక్కసారి కట్టించుకోండి

[స్క్రీన్ మీద: తడికి అంచులు ఉబ్బిన మేత పుస్తకం]

నమస్తే అండి. భీమవరం, ఉండి, ఆకివీడు, కాళ్ల... ఈ చుట్టుపక్కల రొయ్యల చెరువులున్న వాళ్లకి ఈ పుస్తకం చూపించి ఇదేంటో చెప్పక్కర్లేదు. ఏ చెరువుకి ఎన్ని కిలోల మేత వేశారు, తెల్లవారుజామున డీఓ, అంటే నీటిలో కరిగిన ఆక్సిజన్, ఎంతుంది, పీహెచ్ ఎంత, రొయ్యలు మేత ఎంత తింటున్నాయో చూడటానికి పెట్టే చెక్ ట్రేలో ఎంత మిగిలింది, అన్నీ ఇందులోనే ఉంటాయి. సాగు ఖర్చులో పెద్ద వాటా మేతదే, కానీ ఆ మేత లెక్క మొత్తం కూడి చూసేది మాత్రం చాలామంది రొయ్యల పట్టుబడి అయ్యాకే. అప్పటికి తెలిసి ఏం లాభం చెప్పండి?

ఇప్పుడు చాలామంది ఏం చేస్తున్నారంటే, రోజూ ఆ అంకెలు చాట్‌జీపీటీలోనో జెమినిలోనో టైప్ చేసి "కూడి చెప్పు" అంటున్నారు. నేనైతే ఇది వద్దనే అంటాను. ఈ టూల్స్ తర్వాత ఏ మాట రావాలో అంచనా వేస్తూ జవాబు అల్లుతాయి, అందుకే పెద్ద పట్టిక ఇచ్చినప్పుడు ఒక్కోసారి కూడికలో తేడా వస్తుంది, పైగా తప్పు కూడా అదే ధీమాతో చెప్తాయి. పైపెచ్చు రోజూ మీరే కూర్చుని టైప్ చేస్తుంటే పని తగ్గిందేముంది? లెక్క కట్టే స్క్రిప్టునే, అంటే చిన్న ప్రోగ్రామునే, ఏఐతో ఒక్కసారి రాయించుకోవాలి. ఆ తర్వాత ఆ స్క్రిప్ట్ ఏఐ అవసరం లేకుండా తన పని తాను చేసుకుపోతుంది. ఈ వీడియోలో చెప్పేది అదే.

[స్క్రీన్ మీద: ఫోన్‌లో గూగుల్ ఫారం]

ముందు గూగుల్ ఫారం ఒకటి చేయండి, తెలుగులోనే. చెరువు నంబర్, మేత కిలోలు, డీఓ, పీహెచ్, చెక్ ట్రేలో మిగిలింది. అంతే, ఇంతకంటే ఎక్కువ గడులు పెడితే గట్టు మీదున్న మనిషి రెండో రోజు నుంచే నింపడం మానేస్తాడు. చెరువు నంబర్ టైప్ చేయించొద్దు, ఎంచుకునేలా పెట్టండి. లింకు అతని ఫోన్ హోమ్ స్క్రీన్ మీద పెట్టేస్తే నొక్కగానే తెరుచుకుంటుంది. నింపిందల్లా నేరుగా గూగుల్ షీట్‌లోకి వచ్చి పడుతుంది.

ఇప్పుడు ఏఐ దగ్గరకి వెళ్లి ఇలా అడగండి. కోడింగ్ రాకపోయినా పర్లేదు, కానీ అడగడం మాత్రం వివరంగా అడగాలి. ఇందులో యాప్స్ స్క్రిప్ట్ అంటే గూగుల్ షీట్‌కే స్క్రిప్ట్ రాసి నడిపించే గూగుల్ టూల్.

[స్క్రీన్ మీద, నెమ్మదిగా చదువుతూ]

"నాకు ఒక గూగుల్ షీట్ ఉంది. కాలమ్‌లు ఇవి: సమయం, చెరువు నంబర్, మేత కిలోలు, డీఓ, పీహెచ్, చెక్ ట్రేలో మిగిలింది. ఫారం నింపగానే డీఓ 4 కంటే తక్కువుంటే నాకు వెంటనే మెయిల్ రావాలి. రోజూ ఉదయం ఒక్కో చెరువుకి నిన్న వేసిన మేత, సీడ్ (రొయ్య పిల్లలు) వేసినప్పటి నుంచి వేసిన మొత్తం మేత ఒకే మెయిల్‌లో రావాలి. గడి ఖాళీగా ఉంటే సున్నా అనుకోవద్దు, ఖాళీ అనే చెప్పు. దీనికి యాప్స్ స్క్రిప్ట్ రాసి, ఎక్కడ పెట్టాలో ఒక్కో అడుగూ తెలుగులో చెప్పు."

ఆ ఖాళీ గడి మాట తప్పకుండా రాయండి. మేత వేయకపోవడం వేరు, వేసి రాయకపోవడం వేరు. ఈ తేడా రైతుకి తెలుసు, మనం చెప్పకపోతే స్క్రిప్టుకి తెలియదు.

వచ్చిన కోడ్‌ని షీట్‌లోనే ఎక్స్‌టెన్షన్స్, యాప్స్ స్క్రిప్ట్ అని ఉంటుంది, అక్కడ పేస్ట్ చేయాలి. మొదటిసారి నడిపినప్పుడు గూగుల్ అనుమతి అడుగుతుంది, ఇది వెరిఫై చేసిన యాప్ కాదని హెచ్చరిక కూడా రావచ్చు. టెన్షన్ పడక్కర్లేదు, అలాగని కళ్లు మూసుకుని ఓకే కూడా కొట్టొద్దు. "ఈ కోడ్‌లో ఒక్కో వరుస ఏం చేస్తుందో చెప్పు, నా మెయిల్‌లో ఏమేం ముట్టుకుంటుంది?" అని ఏఐనే అడిగి, చదివి, అప్పుడు అనుమతి ఇవ్వండి. తర్వాత ట్రిగ్గర్లు, అంటే స్క్రిప్ట్ దానంతటదే ఎప్పుడు నడవాలో చెప్పే సెట్టింగులు, రెండు పెట్టాలి: ఫారం నింపగానే ఒకటి, రోజూ ఉదయం ఒకటి. ఉదయం 6 నుంచి 7 అని పెడితే ఆ గంటలో ఎప్పుడైనా నడుస్తుంది, సరిగ్గా ఆరింటికే రాలేదని కంగారొద్దు. మామూలు జీమెయిల్ ఖాతాతో ఇదంతా ఉచితమే, స్క్రిప్ట్ ద్వారా రోజుకి 100 మందికి మెయిల్ పంపొచ్చు, మనకి అంత అవసరమే ఉండదు.

పెట్టాక డీఓ 3 అని ఉత్తుత్తి ఎంట్రీ ఒకటి వేసి మెయిల్ వస్తుందో లేదో చూడండి. పరీక్ష అయ్యాక ఆ వరుస తీసేయండి.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. రాత్రంతా నాచు కూడా ఆక్సిజన్ పీల్చుకుంటుంది, ఎండ లేక తయారుచేయదు, అందుకే డీఓ తెల్లవారుజామునే బాగా పడిపోతుంది. ఆ టైమ్‌లో మీ ఫోన్ సైలెంట్‌లో ఉంటే మెయిల్ వచ్చి ఏం లాభం? నీటికి గాలి అందించే ఏరేటర్ ఆగిందో లేదో చూసే మనిషి గట్టు మీద ఉండాల్సిందే. ఈ స్క్రిప్టుని నమ్ముకుని కాపలా మాన్పించకండి, దయచేసి.

[స్క్రీన్ మీద: పాత పుస్తకం ఫోటో, పక్కన పట్టిక]

పాత పుస్తకాల సంగతికొస్తే, అక్కడ ఏఐ నిజంగా బాగా పనికొస్తుంది. పేజీ ఫోటో తీసి "పట్టికగా రాయి, చదవలేని అంకె దగ్గర ఖాళీ వదిలేయ్, ఊహించొద్దు" అనండి. చేతిరాతలో 1, 7 కలిసిపోతుంటాయి కాబట్టి పేజీ కింద మీరు వేసిన టోటల్‌తో ఒకసారి సరిచూసుకోండి.

ఇది అలవాటయ్యాక ఎఫ్‌సీఆర్, అంటే కిలో రొయ్య పెరగడానికి ఎన్ని కిలోల మేత పట్టిందనే లెక్క, కూడా కలపమని అడగొచ్చు. వారానికోసారి వల వేసి కౌంట్ చూస్తాం కదా, 50 కౌంట్ అంటే కిలోకి 50 రొయ్యలు, సగటున రొయ్య 20 గ్రాములు. బతికున్నవి ఎన్నో మనం అంచనాగా ఇచ్చేదే కాబట్టి పట్టుబడి వరకు ఆ ఎఫ్‌సీఆర్ కూడా అంచనానే, కానీ అది వారం వారం పెరుగుతుంటే మేత ఎక్కడో వృథా అవుతోందేమో చూసుకోవాలని ముందే తెలుస్తుంది.

మందుల విషయం మాత్రం ఏఐకి వదలొద్దు. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ల లాంటివి రొయ్యల సాగులో నిషేధం, వాటి అవశేషాలు దొరికితే ఎగుమతి సరుకు వెనక్కి వస్తుంది. రొయ్యకి జబ్బు అనిపిస్తే నీళ్లు, రొయ్యలు ల్యాబ్‌కి తీసుకెళ్లండి. అలాగే ఆధార్, బ్యాంకు వివరాలు, ఓటీపీలు ఏ చాట్‌లోనూ పెట్టకండి.

చెరువులు లేనివాళ్లకీ పద్ధతి ఇదే. కడియం నర్సరీ వాళ్లకి వేరే రాష్ట్రాల నుంచి హిందీలో ఆర్డర్లు వస్తుంటాయి. మొక్క పేరు, సైజు, ధర ఉన్న షీట్ ఒకటి ఏఐకి ఇచ్చి, హిందీలో జవాబు రాయించుకుని, ధర మీరు చూసి పంపొచ్చు. అక్కడ భాష పని ఏఐది, ధర షీట్‌ది.

నేను చదివిన ప్రాంప్ట్ మొత్తం కింద డిస్క్రిప్షన్‌లో పెట్టాను. ముందు ఒక్క చెరువుకే వాడండి, పుస్తకం కూడా పక్కనే రాస్తూ ఉండండి. రెండు లెక్కలూ ఒక వారం కలిశాక మిగతా చెరువులు చేర్చుకోండి. ఎక్కడైనా ఎర్రక్షరాలతో ఎర్రర్ వస్తే దాన్ని ఉన్నదున్నట్టు కాపీ చేసి ఏఐకే ఇవ్వండి, అప్పటికీ కుదరకపోతే కామెంట్‌లో పెట్టండి, నేను చూస్తాను.