లావెండర్ పేరు చూసి కాదు, కంకి చూసి కొనండి

(రెండు కుండీలు పక్కపక్కన)

హాయ్ అండీ, ఈ రెండు కుండీలూ చూడండి, రెండిటికీ ఫ్రెంచ్ లావెండర్ అనే ట్యాగ్ ఉంది కానీ మొక్కలు వేరు వేరు. బ్రిటన్‌లో ఫ్రెంచ్ లావెండర్ అంటే మామూలుగా స్టోకస్ అనే రకం, అమెరికాలో అదే పేరు డెంటాటా అనే ఇంకో రకానికి పెట్టి స్టోకస్‌ని స్పానిష్ అంటారు. ఇంగ్లిష్ లావెండర్ అయితే అసలు ఇంగ్లండ్‌ది కూడా కాదు, మధ్యధరా కొండల్లో పుట్టింది! అందుకే నేను ట్యాగ్ పక్కన పెట్టేసి ముందు కంకి చూస్తా.

(స్టోకస్ క్లోజప్)

కంకి బొద్దుగా చిన్న పైన్ కాయలా ఉండి, నెత్తిన కుందేలు చెవుల్లా ఊదా రేకులు నిలబడ్డాయా, అది స్టోకస్. ఆ చెవులు పువ్వులు కావండోయ్, అసలు పువ్వులు కింద కంకిలో ఇరుక్కుని ఉండే బుల్లి బుల్లి ముదురు రంగువి.

డెంటాటాకీ పైన లేత రంగు కుచ్చు ఉంటుంది కాబట్టి ఇక్కడే కన్‌ఫ్యూజ్ అవుతారు, అప్పుడు ఆకు తిప్పి చూడండి, అంచు పొడుగునా రంపం పళ్లలా నొక్కులుంటే డెంటాటానే. డెంటాటా అంటేనే పళ్లున్నది అని.

(ఇంకో రెండు మొక్కలు)

ఇప్పుడు చెవుల్లేని రకాలు, అసలు తిప్పలు వీటితోనే. అంగుస్టిఫోలియా, అదే ఇంగ్లిష్ లావెండర్, ఆకు సన్నం, కాడ మరీ పొడుగుండదు, మామూలుగా కాడకి ఒక్కటే పొట్టి కంకి. రెండోది లావండిన్, అంగుస్టిఫోలియాకీ వెడల్పాకు లాటిఫోలియాకీ పుట్టిన హైబ్రిడ్, మొక్క పెద్దది, కాడలు బాగా పొడుగు, పెద్ద కంకి కింద అదే కాడకి రెండు పక్కలా చిన్న కంకులు చీలతాయి, పూత కూడా కొన్ని వారాలు లేటు. గింజ కట్టదు, కొమ్మలు కత్తిరించి నాటుకోవాల్సిందే, కాబట్టి ఎవరైనా లావండిన్ విత్తనాలు అని అమ్మితే నమ్మకండి.

ఫ్రాన్స్‌లోని ప్రోవెన్స్ ఫొటోల్లో వరసలు వరసలుగా కనిపించే ఊదా తోటల్లో ఎక్కువ భాగం ఈ లావండినే, నూనె ఎక్కువ దిగుతుంది మరి. కానీ అందులో కర్పూరం ఘాటు ఉంటుంది. నేను ఒకసారి తెలీక ఆ పువ్వులు కేకులో వేశా, సబ్బు తిన్నట్టే ఉంది, ఇంట్లో ఇప్పటికీ గుర్తు చేస్తారు. వంటకైతే అంగుస్టిఫోలియానే తీసుకోండి, హిడ్‌కోట్, మన్‌స్టెడ్ అని పేరుంటే ఆ రకమే, గ్రోసో అని ఉంటే మాత్రం లావండిన్.

చలి సంగతి కూడా చెప్పేస్తా, అంగుస్టిఫోలియా గట్టి మంచుకైనా ఓర్చుకుంటుంది, స్టోకస్ అంత తట్టుకోలేదు, డెంటాటా ఇంకా సున్నితం.

(ఆకు నలుపుతూ)

పూత లేనప్పుడు ఎలా అంటారా, ఒక ఆకు తుంచి వేళ్ల మధ్య నలిపి వాసన చూడండి, తియ్యగా మెత్తగా వస్తే అంగుస్టిఫోలియా అయ్యుండొచ్చు, కర్పూరం గుప్పుమని ముక్కుకెక్కితే మాత్రం దాన్ని వంటింట్లోకి తేకండి, బట్టల మధ్య పెట్టుకోండి.