పెంచలయ్య ఖాతా ఎక్కడికి పోయింది?

అందరికీ నమస్కారం. నెల్లూరు పిల్లల ముందు మాట్లాడుతున్నాను కాబట్టి రైస్‌మిల్లు సంగతే చెబుతాను.

మన దగ్గరి ఒక మిల్లులో లెక్కలన్నీ ఫాక్స్‌ప్రో అనే పాతకాలపు డేటాబేస్ భాషలో రాసిన ప్రోగ్రాములో ఉండేవి. విజువల్ ఫాక్స్‌ప్రోకు తొమ్మిదో వెర్షనే ఆఖరు. 2015 జనవరిలో మైక్రోసాఫ్ట్ సపోర్టు కూడా ఆపేసింది. పాత కంప్యూటరు ఎప్పుడు మొరాయిస్తుందోనని ఓనరుకు టెన్షన్. ఆ ప్రోగ్రామును పైథాన్ అనే ఇంకో ప్రోగ్రామింగ్ భాషలోకి మార్చే పని నాకు అప్పజెప్పారు. లూపుకు లూపు, ఇఫ్‌కు ఇఫ్ తిరగరాసేశాను. ఎర్రరు ఒక్కటి రాలేదు. నేనూ కాస్త గర్వపడ్డాను.

మొదటి రోజు సాయంత్రమే గుమాస్తా ఫోను. "ఏం అబ్బయ్యా, పెంచలయ్య మన మిల్లుకు వడ్లు తోలడం మానేశాడా?"

గుమాస్తా గారు ఏనాడూ పేరు మొత్తం కొట్టరు. 'పెంచల' అని కొట్టి ఎంటర్ నొక్కుతారు, పెంచలయ్య ఖాతా వస్తుంది. ఫాక్స్‌ప్రోలో మామూలుగా సమానం గుర్తు పెడితే, కుడివైపు అక్షరాలు అయిపోయేదాకానే పోల్చి చూస్తుంది. ఎడమవైపు ఇంకా ఎన్ని మిగిలినా దానికి పట్టదు. అందుకని 'పెంచలయ్య' ఎడమన, 'పెంచల' కుడిన ఉంటే రెండూ ఒకటే అంటుంది. అటుదిటు చేస్తే కాదంటుంది! సెట్ ఎగ్జాక్ట్ అనే సెట్టింగు ఆన్ చేస్తే ఈ తీరు మారుతుంది, కానీ ఆ మిల్లులో ఎవరూ చెయ్యలేదు. పైథాన్‌కు ఈ సర్దుబాటు లేదు. చివరి అక్షరం దాకా కలవాల్సిందే. నేను ఒక సమానం తీసి పైథాన్ పద్ధతిలో రెండు సమానాలు పెట్టాను, పెంచలయ్య మాయమయ్యాడు. దిద్దడానికి ఒక్క మాట చాలింది. ఎక్కడుందో కనిపెట్టడానికి రెండు రోజులు పట్టింది.

తర్వాత హమాలీ కూలి. బస్తాకు నాలుగున్నర అనుకోండి. 45 బస్తాలకు 202 రూపాయల 50 పైసలు. రూపాయికి సర్దితే ఫాక్స్‌ప్రో 203 అంటుంది. పైథాన్‌లో రౌండ్ వాడితే 202. సరిగ్గా సగం దగ్గర పైథాన్ సరిసంఖ్య వైపు మొగ్గుతుంది. అదే 47 బస్తాలైతే 211 రూపాయల 50 పైసలు, అప్పుడు రెండూ 212 అంటాయి. ఒకచోట కలిసి ఒకచోట కలవని తేడా ఉంది చూశారూ, దానంత విసిగించేది ఇంకోటి లేదు.

కొట్టేసిన పద్దులు కొన్ని మళ్లీ లేచి కూర్చున్నాయి కూడా. ఫాక్స్‌ప్రోలో డిలీట్ అంటే గుర్తు పెట్టడమే, ప్యాక్ అనే కమాండు ఇచ్చేదాకా ఆ పద్దు ఫైల్లోనే ఉంటుంది. నేను ఆ గుర్తును చూడకుండా ఫైలు మొత్తం లాగేశాను.

ఇప్పుడు ఏఐకి ఇస్తే నిమిషంలో మార్చి ఇస్తుంది కదా అంటారు. ఇస్తుంది, నేనూ వాడుతున్నాను. కోడులో ఒకచోట 850తో భాగించి ఉంటుంది, ఎందుకో చెప్పే కామెంటు పక్కన ఉండదు. వడ్లు కొలిచే మన పుట్టి 850 కిలోలని మీకు చెప్పనక్కర్లేదు. అది తెలియకపోయినా ఆ వరస సరిగ్గానే మారుతుంది. కానీ గుమాస్తా 'పెంచల' అని ఆపేస్తారన్న సంగతి కోడులో ఎక్కడా రాసి లేదు.

అందుకే ఆ సీజనంతా పాతదీ కొత్తదీ పక్కపక్కన నడిపించాం. రోజూ రాత్రి రెండింటి మొత్తాలూ పోల్చి, పైసా తేడా వచ్చినా వెతికేవాళ్లం. చివరికి వడ్డీ దగ్గర ఆగాం. పాత ప్రోగ్రాము ఏ నెలకైనా 30 రోజులే వేస్తోంది. ఇది తప్పు కదా అని మార్చేటప్పుడు నేనే క్యాలెండరు ప్రకారం దిద్దేశాను, ఎవరినీ అడగలేదు. గుమాస్తా కాగితం చూసి, "ఫిబ్రవరికి వడ్డీ తగ్గించమని నీకెవరు చెప్పారు అబ్బయ్యా?" అన్నారు.

మళ్లీ 30 పెట్టేశాను. పైన ఒక కామెంటు రాశాను: 'నెలంటే ముప్పై రోజులే. గుమాస్తా గారిని అడగకుండా దీన్ని ముట్టుకోవద్దు.'