రోజుకు వెయ్యి రూపాయలన్న లెక్కలో ఇల్లు ఎక్కడ?

నమస్కారం. మహబూబ్‌నగర్ నుంచి మాట్లాడుతున్నాను. "రోజుకు వెయ్యి రూపాయలతో వియత్నాం చుట్టి వచ్చాం" అనే వీడియోలు మీరూ చూసే ఉంటారు. చూసినవాళ్లు వెయ్యిని తొంభైతో హెచ్చవేసి, చేతిలో తొంభై వేలు ఉంటే మూడు నెలలు గడిచిపోతాయనుకుంటున్నారు. నాకైతే ఆ లెక్క మీద నమ్మకం లేదు. అందులో ఇల్లు లేదు, వీసా లేదు, బ్యాంకు కోత లేదు.

ముందు ఇంటి సంగతి చూద్దాం. మీరు హనోయిలో ఉన్నా మెట్టుగడ్డలో మీ ఇంటికి కరెంటు బిల్లు వస్తూనే ఉంటుంది. బ్యాంకు వాయిదా ఆగదు, నెల నెలా చిట్టి కట్టాలి. శ్రావణంలో ముహూర్తాలు పడ్డాయా, పెళ్లికి వెళ్లకపోయినా ఎవరి చేతనైనా కట్నం చదివించాల్సిందే. మన దగ్గర అదేమీ చిన్న పద్దు కాదు! కాబట్టి కాగితం మీద విమానం టికెట్టు కంటే ముందు, మీరు లేనప్పుడు ఇల్లు తినే డబ్బు రాయండి. ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంటు ముందేసుకుని, మీరు ఊళ్లో ఉన్నా లేకపోయినా పోయే మొత్తాలకు టిక్కు పెట్టి కూడండి. చిట్టి పాడుకుని ఆ డబ్బుతో బయల్దేరుదామనుకునే వాళ్లు, తిరిగొచ్చాక కట్టాల్సిన వాయిదాలను కూడా ఈ ప్రయాణం ఖర్చులోనే వేసుకోవాలి.

ఇక వీసా. వియత్నాం 2023 ఆగస్టు 15 నుంచి 90 రోజుల ఇ-వీసా ఇస్తోంది. ఒక్కసారి ప్రవేశానికి 25 డాలర్లు, పలుమార్లు ప్రవేశానికి 50. పాతిక మిగిలిందని చవకది తీసుకుంటారు. మధ్యలో కంబోడియా వెళ్లి అంగ్‌కోర్ వాట్ చూడాలనిపిస్తే ఆ వీసా సరిహద్దు దాటగానే ముగిసిపోతుంది. మళ్లీ దరఖాస్తు, మళ్లీ ఫీజు, అది చేతికి వచ్చేదాకా హోటల్ అద్దె. ఐరోపాలో ఒకే వీసాతో తిరగగలిగే షెంగెన్ దేశాల పద్ధతి వేరు: ఏ 180 రోజులు తీసుకున్నా అందులో 90 రోజులకు మించి ఉండనివ్వరు. ఆ వీసాకు కనీసం 30,000 యూరోల ప్రయాణ వైద్య బీమా కూడా చూపించాలి.

అక్కడికి చేరాక జేబు ఖాళీ చేసేది తిరుగుడే. మూడు రోజులకో ఊరు మారితే ప్రతిసారీ బస్సు టికెట్టు, బస్టాండు నుంచి గదికి టాక్సీ, ఆకలి మీద కనిపించిన హోటల్లో భోజనం. అదే వియత్నాంలోని దనాంగ్‌లో నెలకు గది మాట్లాడుకుంటే రోజు లెక్కన పడే అద్దె బాగా తగ్గుతుంది, బియ్యం తెచ్చుకుని వండుకోవచ్చు. కానీ నెల అద్దెలో చాలాచోట్ల కరెంటు కలవదు, యూనిట్ల చొప్పున వేరుగా వసూలు చేస్తారు. తాళం చేతికి రాగానే మీటరు అంకెలను ఫోటో తీసి యజమానికి పంపండి. యూనిట్ ధర ఎంతో అప్పుడే రాయించుకోండి. ఉక్కపోతలో ఏసీ ఎంతసేపు తిరుగుతుందో పాలమూరు వాళ్లకు నేను చెప్పాలా?

డబ్బు తీసే దగ్గర ఇంకో కోత ఉంటుంది. థాయ్‌లాండ్‌లో మన కార్డు పెడితే చాలా ఏటీఎంలు ప్రతిసారీ రెండు వందల బాట్లకు పైగానే కోసుకుంటాయి. వెయ్యి బాట్లు తీసినా అంతే, పది వేలు తీసినా అంతే. అందుకే తక్కువసార్లు, ఎక్కువ మొత్తం తీయాలి. ఆ తర్వాత తెర మీద, రూపాయల్లో లెక్క కట్టమంటారా అని అడుగుతుంది. పరాయి దేశంలో రూపాయి గుర్తు కనబడగానే ప్రాణం లేచొచ్చి ఔనని నొక్కేస్తాం. నొక్కకండి. నొక్కితే ఆ యంత్రం వాళ్లు పెట్టిన మారకం ధరే మీకు పడుతుంది, అది సాధారణంగా మనకు నష్టమే. మీ బ్యాంకు కూడా మారకం రుసుము వేసుకుంటుంది, ఆ రుసుము మీద 18 శాతం జీఎస్టీ. బయల్దేరే ముందు మీ శాఖకు వెళ్లి ఆ శాతం ఎంతో కనుక్కోండి.

ఇంకొక్క పద్దు. శంషాబాద్‌లో దిగి ఇంటికి వచ్చాక మొదటి నెల ఎలా? సిలిండరు అయిపోయి ఉంటుంది, బియ్యం కొనాలి, ఉద్యోగం మానేసి వెళ్లినవాళ్లకు ఒకటో తారీఖున జీతం పడదు. కనీసం నెల ఇంటి ఖర్చు వేరే ఖాతాలో వేసి పెట్టండి. ఆ ఖాతా ఏటీఎం కార్డు మాత్రం బీరువాలోనే వదిలి వెళ్లండి.