వడ్రంగం బాగా వచ్చినవారికి లేత్ మీద ఉలి ఎందుకు దిగబడుతుంది?

నమస్కారం. తలుపులు, ద్వారబంధాలు కళ్లు మూసుకుని చేయగల మేస్త్రీలు లేత్, అంటే చెక్కను గిరగిరా తిప్పే యంత్రం మీద పని మొదలుపెట్టినప్పుడు ఉలి ఒక్కసారిగా చెక్కలో దిగబడి ఎగిరిపడితే, పట్టు చాలలేదని అనుకుని దాన్ని ఇంకా గట్టిగా బిగించి పట్టుకుంటారు. ఈ అపోహ మంచి పనివారిని లేత్‌కు దూరం చేస్తోంది గనుక నాకు నిజంగా బాధగా ఉంటుంది.

మన ఉదయగిరి చెంచాలు చేసేటప్పుడు చెక్క కదలదు, పనిముట్టు పట్టిన చెయ్యి కదులుతుంది. లేత్ మీద మాత్రం చెక్క తానే తిరుగుతూ ఉలి మీదికి వస్తుంది. అందువల్ల ఎంత లోతు తెగాలో చేతి బలం నిర్ణయించదు. ధార వెనుక ఉన్న వాలు నిర్ణయిస్తుంది.

నెల్లూరు, ప్రకాశం పల్లెల్లోని వడ్రంగి ఇళ్లలో నాగలి చెయ్యడం తెలిసినవారు ఇప్పటికీ ఉన్నారు కాబట్టి దానితోనే చెబుతాను. మేడి పైకి లేపితే కర్రు నేలలోకి దిగుతుంది, కిందికి అదిమితే పైకి తేలుతుంది, నాగలి అడుగు చాలులో ఆనుకుని సాగినంతసేపు లోతు నిలకడగా ఉంటుంది. గాడి ఉలి, అంటే గౌజు, పనిచేసే తీరు కూడా ఇదే. ముందు దాన్ని రెస్ట్ మీద, అంటే ఉలికి ఆనుగా ఉండే కడ్డీ మీద ఆనించి, పిడిని బాగా కిందికి దించి, ధార తగలకుండా వాలు మాత్రమే తిరిగే చెక్కను రాసుకునేలా పెట్టండి.

[దగ్గరి దృశ్యం: ఉలి మొన]

చూడండి, చెక్క మెరుస్తోంది గాని పొట్టు రావడం లేదు. ఇప్పుడు పిడిని వెంట్రుకవాసి చొప్పున లేపుతున్నాను. ఇదిగో, సన్నని చుట్టలుగా పొట్టు మొదలైంది. మేడిని ఇక్కడే ఆపాలి. వాలు ఆనకుండా ధార ఒక్కటే లోపలికి పోతే కర్రు బండకింద ఇరుక్కున్నట్టే అవుతుంది. అక్కడ ఎడ్లు ఆగుతాయి, ఇక్కడ మోటారు ఆగదు.

సమయం తక్కువగా ఉంది కాబట్టి మిగిలినవి త్వరగా చెబుతాను. మంచం కోళ్లను లావు నుంచి సన్నం వైపు కొయ్యాలి. నార అడ్డంగా ఉండే గిన్నెకు బయటివైపు అడుగు నుంచి అంచుకు, లోపల అంచు నుంచి నడిమికి రావాలి. వ్యాసాన్ని అంగుళాల్లో కొలిచి నిమిషానికి తిరిగే చుట్లతో గుణిస్తే 6000 నుంచి 9000 లోపు ఉండాలి. అంటే 10 అంగుళాల గిన్నెకు 600 నుంచి 900 చుట్లు చాలు, చెక్క ఇంకా ఎగుడుదిగుడుగా ఉంటే అంతకన్నా తగ్గించాలి. పచ్చి వేపచెక్క అయితే గిన్నె గోడను వ్యాసంలో పదో వంతు మందంగా ఉంచి, నెలల తరబడి నీడన ఆరబెట్టి, అది వంకర తిరిగాక మళ్లీ లేత్‌కు ఎక్కించాలి. ముఖానికి కవచం లేకుండా స్విచ్ వెయ్యవద్దు. పాత ఆకురాయికి సానబట్టి ఉలిగా వాడే అలవాటును మాత్రం దయచేసి మానండి. ఆ ఉక్కు పెళుసు, దిగబడితే విరిగి ముఖం మీదికి వస్తుంది.